ఫారింగ్డన్ వీధిలో ఒక షిల్లింగు పుస్తకం

మొన్న ఆదివారం మావాడు కోడికూర గిన్నె పక్కకి జరిపేసి, ఇక మాంసం తిననన్నాడు. పధ్నాలుగేళ్ళ వెధవ. ఏమిరా అంటే, "హామిల్టన్ తినడు నాన్నా" అన్నాడు. కారు రేసుల లూయిస్ హామిల్టన్. 'ది గేమ్ ఛేంజర్స్' అని 2018లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. నిర్మాతల్లో హామిల్టన్, జాకీ చాన్, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఉన్నారు. 2011లో జర్మనీ మొత్తానికి బలవంతుడనిపించుకున్న పాట్రిక్ బబూమియాన్ మాంసం, పాలు ముట్టకుండానే ఎంతెంత బరువులు మోస్తాడో అందులో చూపిస్తారు. మావాడు అది చూశాడు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ నానమ్మ కార్తీకమాసమంతా నీచు ముట్టదు. ఆవిణ్ణి చూసి వీడు ఒక్క పూట మానింది లేదు.

రాత్రి కోపం తగ్గాక గాంధీ ఆత్మకథ తీశాను. కండలు చూపించి తిండి మార్పించడం ఆయన చిన్నతనంలోనూ ఉంది, కాకపోతే ఎదురు దిశలో. రాజ్‌కోటలో ఆయనకో స్నేహితుడు. మంచి పరుగుగాడు, దెబ్బలకి ఓర్చేవాడు. ఇంగ్లీషువాళ్ళు మాంసం తింటారు కాబట్టే మనల్ని ఏలుతున్నారని వాడి వాదం. తన ఒంటినే సాక్ష్యంగా చూపించేవాడు. మన మాస్టర్లు కూడా రహస్యంగా తింటున్నారని, ఊళ్ళో పెద్దపెద్దవాళ్ళ పేర్లు కొన్ని కూడా చెప్పాడు. పోస్టర్లు లేని కాలంలో సెలబ్రిటీ ప్రకటన అంటే ఇదే కదా! బక్కపల్చని మోహన్‌దాస్ పడిపోయాడు. ఏటి ఒడ్డున చాటుగా తిన్న మేకమాంసం తోలులా ఉందట. ఆ రాత్రి కడుపులో మేక అరుస్తున్నట్టు అనిపించి నిద్ర పట్టలేదట. అయినా ఏడాదిపాటు అడపాదడపా ఆ విందులు సాగాయి.

1888లో లండన్ వచ్చేటప్పుడు మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చాడు. ఇక్కడ నేను రెండుసార్లు చదివిన చోటు ఒకటుంది. మాట కోసం ఆకలితో మాడుతూ కూడా, హిందూదేశంలో అందరూ మాంసం తింటే బాగుండునని, తానూ ఏదో ఒకనాడు స్వేచ్ఛగా తింటానని అనుకునేవాడట. నోరు అమ్మ మాట వింటోంది, బుద్ధి మాత్రం ఇంకా ఆ పరుగుగాడి దగ్గరే ఉంది.

రోజుకి పది పన్నెండు మైళ్ళు నడిచి, చవక హోటళ్ళలో రొట్టెతో కడుపు నింపుకుంటూ, ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాల చూశాడు. (ఆఫీసుకి నేను రోజూ నడిచే దారి అది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఈ సంగతి తట్టలేదు.) తలుపు దగ్గర అద్దాల వెనక అమ్మకానికి పుస్తకాలున్నాయి. హెన్రీ సాల్ట్ రాసిన శాకాహార సమర్థన ఒక షిల్లింగు పెట్టి కొని, తిన్నగా భోజనాల గదిలోకి వెళ్ళాడు. ఇంగ్లండు వచ్చాక కడుపునిండా తిన్న మొదటి భోజనం అదే. సాల్ట్ మల్లుడూ కాదు, నటుడూ కాదు. ఈటన్ బడిలో పాఠాలు చెప్పి, అది వదిలేసి పుస్తకాలు రాసుకునే మనిషి. ఆయన స్నేహితుడు బెర్నార్డ్ షా పేరే జనానికి ఎక్కువ తెలుసు. ఇరవై అయిదో ఏట మాంసం మాని, తొంభై నాలుగేళ్ళు బతికిన షా వయసే శాకాహారానికి పెద్ద ప్రకటన. గాంధీని మార్చింది మాత్రం ఆ షిల్లింగు పుస్తకం. అది చదివాక తన ఇష్టంతో శాకాహారినయ్యానని రాసుకున్నాడు.

తమాషా ఏమిటంటే, 1891లో లండన్ పత్రిక 'ది వెజిటేరియన్'కి వ్యాసాలు రాస్తూ ఆయన కూడా కండలే చూపించాడు. మన పశువుల కాపరిని తెచ్చి, శాకాహారి ఎంత దృఢంగా ఉంటాడో చూడమన్నాడు. స్నేహితుడి వాదమే, తిరగేసి. ఇరవై రెండేళ్ళు నిండలేదు అప్పటికి. తప్పు పట్టబుద్ధి కాలేదు నాకు.

నలభై ఏళ్ళ తర్వాత రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చినప్పుడు, 1931 నవంబరు 20న, లండన్ శాకాహార సంఘం ఆయన్ని పిలిచింది. పక్కన ఎనభై ఏళ్ళ సాల్ట్ కూర్చున్నాడు. అప్పటికి గాంధీ ముఖం తెలియని దేశం లేదు. నన్ను చూసి మానండి అంటే చప్పట్లు కొట్టేవారే. ఆయన చెప్పింది వేరు. ఒంటి బాగు కోసం మానినవాళ్ళే ఎక్కువగా మళ్ళీ మాంసానికి మళ్ళడం చూశానన్నాడు. నిలబడాలంటే నీతి ఆధారం కావాలన్నాడు. మాంసం తినకపోతే చచ్చిపోతావని వైద్యులు చెప్పినా తాను చావునే కోరుకుంటానన్నాడు.

మర్నాడు మావాడికి మేక అరిచిన పేజీ చదివి వినిపించాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "హామిల్టన్ రేసు ఓడిపోతే మళ్ళీ తింటావా?" అని అడిగాను. ఆలోచించి, తెలీదన్నాడు. అబద్ధం చెప్పనందుకు సంతోషించాను.

ఈ ఆదివారం కోడికూర నేనొక్కణ్ణే తిన్నాను. వాడికి మామిడికాయ పప్పు. ఆ సినిమా ప్రకారం పాలూ పెరుగూ కూడా పనికిరావు కదరా అని గుర్తు చేశాను. "గాంధీ మేకపాలు తాగాడు కదా" అంటూ పెరుగు గిన్నె తన ముందుకి లాక్కున్నాడు.