పసుపు రోల్స్ రాయిస్, ఇరవై ఏడు ఆల్బియన్లు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటుంది. సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చాడు. అది వచ్చేలోగానే 1911లో ఆయన పోవడంతో కొడుకు ఉస్మాన్ అలీఖాన్ చేతికి చేరింది. ఛాసీ రోల్స్ వాళ్లది, బాడీ లండన్ బార్కర్ కంపెనీది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా కట్టారు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నేను ముందు మడ్‌గార్డు వంపు దగ్గరే ఆగిపోతాను. రాణీగంజ్‌లో టింకరింగ్ చేసి బతికినవాణ్ణి. రేకు అలా మెత్తగా తిరగాలంటే ఎంత చిన్న దెబ్బ ఎన్నిసార్లు పడాలో ఈ చేతికి తెలుసు. ఆ పనితనానికి ఎంత పుచ్చుకున్నా న్యాయమే. కానీ ఆ బండి ఊరేగింపులకే బయటికొచ్చింది. ఇన్నేళ్లకీ తిరిగింది కొన్ని వందల మైళ్లే.

అదే ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1932లో, ఇంకో కొనుగోలు జరిగింది. సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టి 27 బస్సులు తెప్పించింది, 166 మందిని పనిలోకి తీసుకుంది. అవి గ్లాస్గోలో తయారైన ఆల్బియన్లు. బస్సన్నాక రోజూ తిరగాలి, రోజూ తిరిగేది రోజూ చెడుతుంది. దాంతో వర్క్‌షాపు కావాల్సొచ్చింది, మేస్త్రీలు కావాల్సొచ్చారు. 1942లో పెట్టిన ఆల్విన్ కంపెనీ ఇక్కడే బస్సు బాడీలు కట్టింది. మా నాన్నకు పని నేర్పిన ఉస్తాద్ బస్సు వర్క్‌షాపులో చేసి బయటికొచ్చినవాడే. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి జూపార్కుకెళ్లే 7జడ్ డబుల్ డెక్కర్ పైఅంతస్తులో ముందు సీటు కోసం కొట్టుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. నా దృష్టిలో ఆ రాజ్యం పెట్టిన మోటారు ఖర్చులో పూర్తిగా గిట్టుబాటైంది ఈ బస్సులే.

ఇక మన కాలానికొస్తే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. ఆ రోజుల్లోనే మహీంద్రా వాళ్ల చేతిలో ఉన్న పినిన్‌ఫరీనా కంపెనీ బటిస్టా అనే కరెంటు కారు కూడా నగరానికొచ్చింది. 1,900 హార్స్‌పవర్, రెండు సెకన్లలోపే వంద కిలోమీటర్ల వేగం. బ్యాటరీ 120 కిలోవాట్ అవర్లు, అంటే టాటా టియాగో ఈవీ కారు పెద్ద బ్యాటరీకి ఐదింతలు. అప్పటి ఖరీదు దాదాపు 20 లక్షల యూరోలు, మన డబ్బులో సుమారు 18 కోట్లు, దిగుమతి సుంకం వేరే. కానీ బ్యాటరీ ఐదింతలైనంత మాత్రాన ధర అంత పెరగదు. ఏళ్ల తరబడి చేసిన డిజైను, పరీక్షల ఖర్చంతా 150 బండ్ల మీదే పడుతుంది మరి. సింహాసనం రోల్స్ బాడీకైతే ఒక్క బండి మీదే పడింది. కొనేవాడు తన డబ్బుతో ఆ పనితనం కొంటే నాకు అభ్యంతరం లేదు. ఆ ఫిబ్రవరిలోనే నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఒక్కోటి 2 కోట్ల పైచిలుకు పెట్టి కరెంటు డబుల్ డెక్కర్లు మూడు దించింది. ఒక్క బటిస్టా ధరకు అలాంటివి ఎనిమిదొస్తాయి.

నా అభ్యంతరం పన్ను దగ్గర. 2024 నవంబరు 18 నుంచి 2026 చివరిదాకా తెలంగాణ ప్రభుత్వం కరెంటు బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. స్కూటరుకూ మాఫీయే, కోట్ల కారుకూ మాఫీయే. స్కూటరుకు సబబే. కోట్లు పెట్టేవాడికి మనం వదిలే లక్షలు బస్సులకు పెట్టొచ్చు.

ఇంకొకటుంది. కరెంటు కార్ల కింద నారింజరంగు కేబుళ్లు ఉంటాయి. ముట్టుకోవద్దని హెచ్చరించే రంగది. లోపల వందల ఓల్టుల కరెంటు పారుతుంటుంది. ఆల్బియన్‌ను విప్పి నేర్చుకున్నట్టు ఈ కారును విప్పి నేర్చుకోవడం కుదరదు. బ్యాటరీకి సాధారణంగా ఎనిమిదేళ్ల వారంటీ ఇస్తారు. తొమ్మిదో ఏట ఆ బండి మా గల్లీకే వస్తుంది. రబ్బరు గ్లౌజులు, ఇన్సులేటెడ్ పానాలు, ఆర్నెల్ల శిక్షణ మా కుర్రాళ్లకు ఇప్పుడే ఇప్పించాలి. బ్యాటరీలో చెడిన ముక్కొక్కటే మార్చుకునేలా విడి సామాను బజారులో అమ్మించాలి. లేకపోతే లక్షలు పోసి కొన్న బండి తొమ్మిదో ఏటే పాత ఇనుము కింద తూకానికి పోతుంది.