శునకపోషణ – ఇష్టాపూర్తం: ఇంద్ర యుధిష్ఠిర సంవాదం

భారతీయ వాఙ్మయంలో శునకానికి గౌరవమూ ఉన్నది, నిషేధమూ ఉన్నది. ఋగ్వేదం పదవ మండలంలోని 108వ సూక్తంలో ఇంద్రుని దూతిగా పణుల వద్దకు వెళ్ళినది సరమ. శునకానికి సారమేయమనే నామం ఆమె వలననే సిద్ధించినది. అదే మండలంలో యమలోక మార్గాన్ని రక్షించే శునకద్వయం ఆమె సంతతిగానే వర్ణితమైనది. మనుస్మృతి శ్రాద్ధభోజన వేళ శునకదృష్టి సైతం సోకరాదని శాసించినది. ఆ స్మృతియే వైశ్వదేవానంతరం శునకాదులకు అన్నభాగాన్ని మెల్లగా నేలపై ఉంచవలెనని కూడ విధించినది. శునకాన్ని గృహస్థు పూజాస్థలానికి దూరంగా ఉంచినాడు, కాని పస్తు ఉంచలేదు.

ఈ ద్వైధీభావాన్ని మహాభారతం ప్రశ్నగా మలచి, సమాధానం వరకు నడిపించినది. ఆదిపర్వారంభంలో జనమేజయుని సత్రశాలకు వచ్చిన శునకశిశువును అతని సోదరులు నిష్కారణంగా కొట్టినారు. ఆ శిశువు హవిస్సును ముట్టలేదు, దానివైపు చూడనైన లేదు. తల్లియైన సరమ వచ్చి, ఊహింపని భయం మీకు కలుగునని శపించినది. మహాప్రాస్థానిక పర్వంలో పాండవులు ద్రౌపదీ సమేతులై హస్తినాపురం వీడినపుడు ఒక శునకం వారిని అనుసరించినది. దానిని ఎవరూ పిలువలేదు, బంధించనూ లేదు. ద్రౌపది, నలుగురు సోదరులు మార్గమధ్యంలో పడిపోయిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది అదొక్కటే.

అచట ఇంద్రుడు తెలిపిన అభ్యంతరం గమనింపదగినది. శునకపోషకులకు స్వర్గంలో స్థానం లేదనియు, వారి ఇష్టాపూర్త ఫలాన్ని క్రోధవశులు హరింతురనియు ఆయన వచించినాడు. ఇష్టమనగా యజ్ఞాదికం. పూర్తమనగా వాపీకూప తటాకాల నిర్మాణం, ఆరామ ప్రతిష్ఠ, అన్నదానం, అనగా సమస్త ప్రాణులకు ఉపకరించే కర్మలు. ఇంద్రుని మాటలో శౌచదృష్టి ప్రధానమే కావచ్చును. అయినను ఒక వ్యక్తి మమకారం సర్వజనోపకారకమైన పుణ్యాన్ని క్షయింపజేయగలదన్న భావం అందులో ధ్వనిస్తున్నది. నేటి పర్యావరణవేత్తలు లేవనెత్తే ఆక్షేపణకు ఇది సన్నిహితం.

ఆ ఆక్షేపణ నిరాధారం కాదు. అమెరికాలో జంతుజన్యాహారోత్పత్తి వలన భూమి, జలం, ఇంధనాలపై పడే భారంలో 25 నుండి 30 శాతం పెంపుడు శునక మార్జాలాల ఆహారం వలననేనని 2017లో గ్రెగరీ ఓకిన్ అనే భూగోళ శాస్త్రవేత్త అంచనా వేసినారు. గృహస్థు వదలిన అన్నంతో జీవించిన గ్రామశునకానికి ఈ గణన వర్తించదు. మాంసాహారాన్ని ప్రత్యేకంగా ఉత్పత్తి చేయించి, డబ్బాలలో తెప్పించి పోషించే నగరగృహాలకు మాత్రం వర్తిస్తుంది.

భారతదేశంలో సమస్య మరొక రూపంలో ఉన్నది. పశువైద్యంలో వాడిన డైక్లోఫెనాక్ ఔషధం వలన 1990 దశకం నుండి రాబందులు విపరీతంగా నశించినవి. 2006లో ఆ ఔషధాన్ని పశువులకు వాడరాదని నిషేధించేనాటికే నష్టం జరిగిపోయినది. రాబందులు తినవలసిన పశుకళేబరాలు వీధిశునకాలకు ఆహారమైనవి. సముద్రతీరాలలో తాబేళ్ల గుడ్లను శునకాలు త్రవ్వి తింటున్నవి. 2018లో గిర్ అరణ్యంలో 20కి పైగా సింహాలు మరణించినవి. వాటిలో కొన్నింటికి సోకినది శునకాలలో సాధారణంగా కనిపించే డిస్టెంపర్ వైరస్.

ఇంద్రుని పక్షానికి ఇంత బలమున్నది. అయినను యుధిష్ఠిరుడు అంగీకరింపలేదు. భక్తత్యాగం మిత్రద్రోహాది మహాపాతకాలతో సమానమని, స్వర్గసుఖం కొరకు ఆశ్రితాన్ని విడువనని నిశ్చయంగా పలికినాడు. శునకపోషణ పుణ్యప్రదమని ఆయన వాదించలేదు, ఇంద్రుడు చెప్పిన నష్టాన్ని ఖండించలేదు. ఆ నష్టాన్ని తాను భరించుటకు సిద్ధపడినాడు. ఆ శునకమే ధర్మదేవతగా సాక్షాత్కరించినది.

ఈ సంవాదంలో రెండు పక్షాలూ గ్రాహ్యములే. ఇంద్రుని వాక్యం శునకాన్ని తెచ్చుకొనుటకు పూర్వం స్మరింపదగినది. ఈ పోషణకు భూమి, జలం, వన్యప్రాణులు చెల్లించే మూల్యమెంతయో గృహస్థు అప్పుడే విచారింపవలెను. యుధిష్ఠిరుని వాక్యం తెచ్చుకొనిన తరువాత ఆచరింపదగినది. ముచ్చటకు కొని, పెరిగిన పిదప వీధిలో విడిచినవాడు ఇద్దరి మాటనూ ఉల్లంఘించినవాడు. విడువబడిన శునకం, దాని సంతానం అడవి అంచులలోనే ఆకలి తీర్చుకొనును. టీకాలు వేయించుట, సంతాన నియంత్రణ చేయించుట, అడవిలోనికి పోనీయక కాపాడుట నేటి ఆశ్రితరక్షణలో అంతర్భాగాలు.

వైశ్వదేవాంతంలో నేలపై ఉంచిన అన్నభాగానికి ఒక పరిమితి ఉండెను: అది గృహస్థు తాను తిను అన్నంలోనిదే. దయకు ఆ పరిమితి, ఆశ్రితునిపట్ల ఆ ధర్మరాజు దృఢత్వం కలసి ఉన్నచోట శునకపోషణ వలన ఇష్టాపూర్తానికి హాని కలుగదు.