కోరమాండల్ అద్దకపు బట్టలు

కోరమాండల్ తీరంలోని మచిలీపట్నం, నిజాంపట్నం, పులికాట్ వంటి రేవుల నుంచి 17, 18 శతాబ్దాల్లో విదేశాలకు ఓడలెక్కిన రంగుల నూలు బట్టలివి. కలంతో గీసినవి, అచ్చులతో వేసినవి, రెండూ కలిపినవి ఉండేవి. ఐరోపా వర్తకులు చింట్జ్ అన్నా, జపానువారు సరసా అన్నా ఈ కోవ బట్టలనే.

ఎన్ని ఉతుకులకైనా రంగు వదలకపోవడమే వీటి గిరాకీకి మూలం. ఆ గట్టిదనమంతా పనివాడి విద్యే. గంజి పోయేలా ఉతికిన గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీత పక్కకు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కసీం ఆ కరక్కాయకు తగలగానే నలుపు తేలుతుంది. ఎరుపు కావలసిన చోట ఎర్ర రంగు వేయరు, పటిక నీళ్లు పెడతారు. పారే నీటిలో జాడించి చిరివేరుతో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాచోట అంటినది పేడనీళ్లకు, ఎండకు విరిగిపోతుంది. నీలానికి మాత్రం గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచాలి. అందుకే నీలం అక్కర్లేని మేరంతా మైనం పూసేవారు. ఆకుపచ్చ కావాలంటే ఆ నీలం మీద పసుపు వేయాలి.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం చేరారు. మొలుక్కా దీవుల లవంగాలు, జాజికాయల కొనుగోలుకు ఈ బట్టలే వారికి పెట్టుబడి. గోల్కొండ కాలంలో పర్షియా వర్తకుల కొనుగోళ్లూ జోరుగా సాగాయి. సులవేసిలోని తొరాజాలు భారతదేశపు అద్దకపు బట్టలను తరాల తరబడి పవిత్ర వస్తువులుగా దాచుకున్నారు.

ఐరోపాలో మోజు పెరగడంతో అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో విధించిన నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని, 1721లో ధరించడాన్నీ కట్టడి చేసింది. పుదుచ్చేరి ప్రాంతంలోని జెసూట్ మతగురువు కేర్దూ ఈ పని వరసను 1742లో ఉత్తరంగా రాసి పంపాడు. ఆ ఉత్తరానికి ఆయన పేరే నిలిచింది గాని, విద్య చెప్పినవాళ్లు ఇక్కడి అద్దకందారులు. ఐరోపా అద్దకం చరిత్రలో వారిని గురువులుగా చెప్పుకోవడమే న్యాయం.

తర్వాత మిల్లు బట్టలు మార్కెట్లను ఆక్రమించాయి. 1864 నవంబరు ఉప్పెన మచిలీపట్నం ప్రాంతంలో దాదాపు 30,000 మందిని బలిగొంది. 1869లో చిరివేరులోని ఎర్ర రంగుకు బదులుగా కృత్రిమ అలిజరిన్ తయారీ మొదలయ్యాక చిరివేరు సాగూ కుంగింది. ఇప్పుడు ఈ అచ్చుల పనికి పెడన ముఖ్య కేంద్రం. అక్కడ చిరివేరు స్థానాన్ని చాలావరకు అలిజరిన్ తీసుకున్నా, టేకు అచ్చులతో, కసీంతో, పటికతో పని సాగుతోంది.