పందుల్లో ఈతకు పిల్లల సంఖ్య – జన్యు మార్కర్లు

ఆడపంది ఒక ఈతలో పెట్టే పిల్లల సంఖ్య దాని పెంపకంలో లాభనష్టాలను తేల్చే ప్రధాన లక్షణం. దీన్ని ఎంపిక ద్వారా పెంచడం కష్టం. ఇది ఆడపందిలోనే, అదీ ఈనాకే బయటపడుతుంది. మగపందిని చూసి చెప్పలేం. పైగా దీని అనువంశికత సుమారు 10 శాతమే. మిగిలినది చాలావరకు మేత, వయసు, కట్టించిన సమయం వంటివాటి మీద ఆధారపడుతుంది. అందుకే పుట్టిన పిల్ల రక్తపు చుక్కలోనే గుర్తించగల డీఎన్ఏ మార్కర్ల (జన్యు ఆనవాళ్ల) వైపు పరిశోధకులు మళ్లారు.

చైనాలోని తైహు సరస్సు ప్రాంతపు మెయ్‌షాన్ జాతి ఇందుకు దారి చూపింది. ముడతల మొహం, వేలాడే చెవులు, నెమ్మదిగా పెరిగే కొవ్వు శరీరం. మాంసం వ్యాపారికి నచ్చేదేమీ లేదు. కానీ యూరప్ జాతులకన్నా ఈతకు మూడు నాలుగు పిల్లలు ఎక్కువే పెడుతుంది. 1996లో అయోవా స్టేట్ యూనివర్సిటీకి చెందిన మాక్స్ రాత్‌చైల్డ్ బృందం, సగం మెయ్‌షాన్ రక్తమున్న సంకర పందుల్లో ఈస్ట్రోజన్ గ్రాహక జన్యువును పరిశీలించింది. అనుకూల రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన పందులు, అది అసలే లేనివాటికన్నా తొలి ఈతలో 2.3 పిల్లలు, అన్ని ఈతల సగటున 1.5 పిల్లలు ఎక్కువ పెట్టాయి. లార్జ్ వైట్ జాతి సంతతిలో తేడా దాదాపు ఒక పిల్ల.

తరువాత ఇతర మందల్లో ఈ ఫలితం అన్నిచోట్లా నిలవలేదు. ప్రోలాక్టిన్ గ్రాహకం వంటి జన్యువులదీ ఇదే కథ. మార్కర్ అసలు కారణం కాకపోవచ్చు, పక్కనున్న జన్యువుకు ఆనవాలు మాత్రమే కావచ్చు. మార్కర్‌కూ అసలు జన్యువుకూ ఉన్న ఆ జోడీ జాతిజాతికీ మారుతుంది. అరవై వేల మార్కర్లను ఒకేసారి చదివే 2009 నాటి చిప్‌తో ఒక్క జన్యువును నమ్ముకునే పద్ధతి వెనకబడి, మొత్తం జన్యుపదార్థాన్ని లెక్కగట్టే ఎంపిక ముందుకొచ్చింది. ఈతలో పిల్లల సంఖ్య పెరిగితే వాటి బరువు తగ్గి, చావులు పెరుగుతాయి కాబట్టి, ఇప్పుడు బతికి పాలు మానే పిల్లల సంఖ్యకూ ప్రాధాన్యమిస్తున్నారు.