కల్లిపాడు రాత్రి నాయనమ్మ చెప్పిన ముచ్చట

దగ్గరికి జరగండి, మార్గశిరం చలి ఊరుకోదు. ఆ కందికట్టె ఇంకోటి ఎగదొయ్యరా.

ఇయ్యాల్టితో కారెంపూడి వీరుల తిరణాల అయిపోయింది. అమావాస్యనాడు రాచగావు, మర్నాడు రాయబారం, ఆపైన మందపోరు, కోడిపోరు, ఇయ్యాల కల్లిపాడు. నా చిన్నతనాన మా నాయన బండి కట్టుకుని తీసుకెళ్లేవాడు. ఊళ్లూళ్లనుంచీ ఆచారవంతులు వీరుల ఆయుధాలు, కొణతాలు, మోసుకొచ్చేవాళ్లు, వాటిని నాగులేట్లో కడిగి గుడికి తెచ్చేవాళ్లు. జనం నోట పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన బాలచంద్రుడి పేరే. నా మనసు మాత్రం ఎప్పుడూ రాయబారం రోజు దగ్గరే చిక్కుకుపోయేది.

సవతి అన్న నలగామరాజు వైపువాళ్లతో కోడిపందెంలో ఓడి మలిదేవుడి వైపువాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోయారు. మాట ప్రకారం గడువు తీర్చుకొచ్చి, మా మాచర్ల మాకిమ్మని అలరాజుని రాయబారం పంపారు. ఎవరనుకున్నారు అలరాజంటే? నలగామరాజుకి సొంత అల్లుడు. న్యాయం అడగటానికి వచ్చిన అల్లుణ్ణి చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపించారు. అతని వెనకే భార్య పేరిందేవి చితి ఎక్కింది. అంటే నలగాముడి కూతురూ పోయింది.

అది విన్నాక కోపం రానివాడు మనిషే కాదు. పగ పట్టారని ఆ వైపువాళ్లను నేనెప్పుడూ తప్పు పట్టలా. రాయబారిని చంపినవాణ్ణి నిలదీసి తీరాల్సిందే. మళ్లీ సంధి మాటలు నడిచినా, బాలచంద్రుడొచ్చి వాటిని చెడగొట్టి కత్తి దూశాడని మన వీరవిద్యావంతులు చెబుతారు. కానీ ఆ కత్తికి బలైందెవరు? విషం పెట్టించినవాళ్లకంటే ముందు, దాని సంగతే ఎరగని పిల్లలు. బాలచంద్రుడూ పోయాడు. భార్య మాంచాలతో పట్టుమని కాపురమైనా చెయ్యలా. వాడి నేస్తం అనపోతు అంతకుముందే ప్రాణం తీసుకున్నాడు.

ఇప్పుడు అసలు మాట వినండి. అంతా అయ్యాక మలిదేవుడి మంత్రి, బాలచంద్రుడి తండ్రి బ్రహ్మనాయుడు ఏం చేశాడు? కన్నకొడుకుని పోగొట్టుకున్నవాడు, గెలిచి నిలబడ్డవాడు. పగ తీర్చుకునే హక్కు ఆయనకి లేకపోతే ఇంకెవరికి ఉంటుంది? ఆయన నలగామరాజునే మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టి, తను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు. తీర్చుకోగలిగి కూడా వదిలేశాడు. ఆ పని నెల ముందు చేసుంటే ఆయన భార్య ఐతమ్మకి కొడుకు దక్కేవాడు కదా అని నాకు ప్రతి తిరణాలకీ అనిపిస్తుంది.

అదంతా రాజుల కథ అనకండి. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఈ చుట్టుపక్కలే రెండిళ్ల మధ్య ఒక గట్టు తగువు. గట్టు జరిపిన మాట నిజమే, తప్పు జరిపినవాళ్లదే. దానికి వాళ్లలో ఒక తల తెగింది. ఆ తలకి బదులు అవతలి ఇంటి తమ్ముడి తల. మిగిలిన మగాళ్లు జైలుకి పోయారు. గట్టుకి అటూ ఇటూ రెండు చేలూ బీడు పడ్డాయి, మిరప బంగారంలా పండే నేల. ఎవరి గట్టు కోసం అంతా జరిగిందో దాని మీద జిల్లేళ్లు మొలిచాయి.

నువ్వు పొద్దుట్నుంచీ పళ్లు నూరుతున్నావు, నాకు తెలుసురా. నిరుటి వామి కాలిపోయింది, కాల్చిందెవరో కూడా తెలుసు. వాళ్ల వామి కాలిస్తే వాళ్ల గేదెలూ పస్తుంటాయి. ఆ గొడ్లేం చేశాయి నిన్ను? నోరు మూసుకుని పడుండమంటావా నాయనమ్మా అంటావు. నేనామాట అనలా.

మించాలపాడు కన్నెగంటి హనుమంతు సంగతి మా అత్తగారు చెప్పేది. తెల్లోళ్ల దొరతనంలో అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నారు. 1921లో ఆయన వెంట పల్నాడు ఊళ్లు కట్టేది లేదని తేల్చేశాయి. వచ్చిన ఉద్యోగులకి నిప్పూ నీళ్లూ పుట్టనియ్యలా. అది ఎదురుదెబ్బ కాదా? దెబ్బే. అడవి లాక్కున్నవాడికే తగిలింది, వాడి ఇంట్లో ఉన్న పసిబిడ్డకి కాదు. 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకులకి హనుమంతు ప్రాణమే పోయింది. న్యాయంగా ఎదిరించినా ప్రాణం మీదికి రాదని నేను మాటివ్వలేను. అయినా ఆయన పేరు చెప్పుకోటానికి పల్నాట్లో ఎవరూ సిగ్గుపడరు.

నువ్వూ అడుగు. రేపు పెద్దమనుషుల్ని పిలిపించు, పదిమందిలో వాడి పేరు పెట్టే అడుగు, వామి ఖరీదు కట్టమను. కట్టనంటే స్టేషన్లో కాయితం ఇయ్యి. వాళ్లతో ఇచ్చిపుచ్చుకోవటాలు మానెయ్యి, పెళ్లికి పిలిచినా పోవద్దు, నేను కూడా పోను. నీ చెయ్యి మాత్రం వాళ్ల మనిషి మీదా, గొడ్డు మీదా పడకూడదు.

గేదెల మేత సంగతంటావా? మీ మేనమామ దొడ్లో జొన్నచొప్ప ఉంది, నేను కబురు పెట్టాను. తెల్లారగట్టే ట్రాక్టరు తీసుకెళ్లు.