ముర్రుపాలు పారబోసింది మన అవ్వలేనా?



పోయిన సెలవులకు ఊరెళ్తే మా వదిన బాలింత. మూడో రోజుకే రొమ్ములు రాయిలా గట్టిపడి, జ్వరం. ముర్రుపాలు పిండి పారబోసి పాపకు తేనె నాకిస్తున్నారు. దవాఖానకు తీసుకెళ్తే ఒకామె "మీ గూడెపోళ్లకు ఎంత చెప్పినా బుర్రకెక్కదు" అంది. అవ్వ తల దించుకుంది. ఆ మాట మాకు గుచ్చుకుంది. హాస్టల్‌కి వచ్చాక ఇదంతా వెతికి చదివాం.

సుశ్రుత సంహితలోనే మొదటి రోజుల్లో బిడ్డకు తేనె, నెయ్యి ఇమ్మని ఉంది. అంటే ఇది గూడెంలో పుట్టిన అలవాటేమీ కాదు. 300 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లోనూ ఇంతే. తొలిపాలు చెడ్డవని బిడ్డకు వెన్న, తేనె, బాదం నూనె పోసేవాళ్లు. ఈలోపు తల్లికి పాలు నిండి, రొమ్ములు వాచి, జ్వరం వచ్చేది. దానికి పాలజ్వరం అని పేరు పెట్టి, బాలింతకు అది మామూలే అనుకున్నారు. పాలు లాగడానికి గాజు గొట్టాలు వాడేవారు. కుక్కపిల్లల చేత కూడా చీకించేవారు (నిజంగానే!).

1748లో విలియం కడోగన్ అనే డాక్టర్, లండన్‌లో దిక్కులేని పిల్లల కోసం పెట్టిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ పెద్దలకు ఒక చిన్న పుస్తకం రాశాడు. పుట్టిన బిడ్డ నోట్లో వెన్న, చక్కెర కుక్కొద్దు, కడుపు శుభ్రం చేయడానికి తల్లి తొలిపాలే చాలు అన్నాడు. 1773లో మాంచెస్టర్ డాక్టర్ చార్లెస్ వైట్ కూడా కాన్పు అలసట తీరగానే బిడ్డను రొమ్ముకు పట్టించమన్నాడు. ప్రసూతి ఆస్పత్రులు ఆ దారి పట్టాక పాలజ్వరాలు బాగా తగ్గాయి. మందేమీ కనిపెట్టలేదు, బిడ్డను తొందరగా పట్టించారు, అంతే. ఇప్పుడు గంటలోపే పట్టించమంటున్నారు. మన దేశంలో 2016లో దీనికోసమే 'మా' అని ఒక కార్యక్రమం పెట్టారు.

మా వదినకు ఇంకో సిస్టర్ ఓపిగ్గా చూపించింది. ముందు గోరువెచ్చని గుడ్డ కాపడం, చనుమొన చుట్టూ నల్లటి చోటు మెత్తబడేదాకా చేత్తో కొంచెం పిండడం, అప్పుడు పాపను పట్టించడం. పట్టించాక చల్లని తడిగుడ్డ. రాత్రి కూడా ఆపొద్దంది. జ్వరం తగ్గకపోయినా, రొమ్ము ఒకచోట ఎర్రబడి నొప్పి పెట్టినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి, అప్పుడు కూడా పాలివ్వడం మానొద్దంది. రెండు రోజుల్లో వదిన తేరుకుంది.

మొన్న ఫోన్‌లో అవ్వకు ఈ కథంతా చెప్పాం. కుక్కపిల్లల దగ్గర పడీ పడీ నవ్వింది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

"అయితే ఆ దొరసానుల్ని కూడా నర్సమ్మలు తిట్టారా బిడ్డా?" అని అడిగింది.