పిక్కల పట్టు, చక్కెర వ్యాధి: వైద్యచరిత్ర నేర్పిన పాఠం

అర్ధరాత్రి నిద్రలో పిక్క హఠాత్తుగా బిగిసి రాయిలా గట్టిపడడం చక్కెర వ్యాధిగ్రస్తులకు తరచుగా ఎదురయ్యే బాధ. ఇది వయసుతో వచ్చేదేనని చాలామంది ఉపేక్షిస్తారు. వైద్యచరిత్ర మాత్రం దీనిని తేలికగా తీసుకోలేదు.

కండరాల ఈడ్పును యునానీ వైద్యులు ‘తషన్నుజ్’ అన్నారు. ఇబ్నె సీనా (980–1037) ‘అల్ ఖానూన్ ఫిత్ తిబ్’లో దీనికి రెండు ముఖ్య కారణాలు చూపారు. శరీరంలో ద్రవాలు మితిమీరడం ఒకటి, అవి హరించుకుపోయి పొడితనం ఏర్పడడం రెండవది. ఈ విభజనకు మూలం గ్రీకు వైద్యంలో ఉంది. మధుమేహంలోని అతిమూత్రాన్ని, దాహాన్ని కూడా ఆయన వర్ణించారు. తర్వాత అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ (1162–1231) ఈ వ్యాధిపై ప్రత్యేక గ్రంథమే రచించారు.

కండరం లోపలి రహస్యాన్ని విప్పినవారిలో ఒకరు తణుకుకు చేరువలోని భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర చలనానికి మూలమని అంతవరకు శాస్త్రజ్ఞులు భావించేవారు. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలసి ఆయన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనడంతో ఆ భావన సడలింది. కండరం ముడుచుకోవడానికే గాక వదులుకావడానికి సైతం శక్తి అవసరమని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

అయితే పిక్క పట్టడానికి ప్రధాన కారణం నరాల మితిమీరిన ప్రేరణ. మధుమేహం నరాలను దెబ్బతీస్తుంది. అతిమూత్రంతో నీరు, లవణాలు పోతాయి. మూత్రపిండాల జబ్బు, మూత్రం ఎక్కువ చేసే మందులు, రాత్రివేళ చక్కెర పడిపోవడం కూడా కారణాలు కావచ్చు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడినవారిలో బి12 విటమిన్ తగ్గి నరాలు బలహీనపడవచ్చు. నడిచినప్పుడు పిక్క నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే అది రక్తనాళం పూడుకుపోతున్న లక్షణం కావచ్చు. నిర్లక్ష్యం చేస్తే కాలికే ముప్పు.

పట్టినప్పుడు మోకాలు చాచి, పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే ఉపశమనం కలుగుతుంది. ఒకప్పుడు క్వినైన్ ఇచ్చేవారు. అది రక్తకణాలకు, గుండెకు హాని చేయగలదని తేలి, 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వాడకాన్ని హెచ్చరించింది. అది చక్కెరను కూడా పడగొట్టగలదు. కనుక సొంత వైద్యం తగదు. రక్తంలో చక్కెర, లవణాలు, మూత్రపిండాల పరీక్ష, పాదాల తనిఖీ అవసరం.

రంజాన్‌లో నీటి కొరత ఈ బాధను పెంచవచ్చు. రోగులకు ఖుర్‌ఆన్ (2:184–185) రోజా విషయంలో సడలింపు ఇచ్చింది. కనుక రంజాన్‌కు ముందే వైద్యుని సంప్రదించి మందుల వేళలు సరిచేసుకోవడం వివేకం.